వరస కుదిరితే వెలుగు

దీపావళి అన్న మాటను విడదీసి చెప్పమంటే మా కాలేజీ పిల్లలు తడుముకోకుండా చెప్పేస్తారు. దీప, ఆవళి, సవర్ణదీర్ఘ సంధి. మార్కు పడిపోతుంది. అయితే ఆవళి అంటే ఏమిటర్రా అని రెండో ప్రశ్న వేశామా, సగం మంది బెంచీల కిందికి చూస్తారు. ఆవళి అంటే వరస. దీపాల గుట్ట కాదు, దీపాల సంతా కాదు, దీపాల వరస. ఈ పండుగకు పేరు పెట్టిన పెద్దలెవరో గాని, ఎన్ని దీపాలు పెట్టాలో చెప్పలేదు. ఎలా పెట్టాలో మాత్రం పేరులోనే చెప్పి ఊరుకున్నారు.

ఈ వ్యాకరణ పాఠం ఇప్పుడెందుకమ్మా అంటారేమో. ఈ ఏడు కొత్తగా సొంత ఇంట్లో పాలు పొంగించుకుని, తొలి దీపావళి చేసుకోబోతున్న సంసారులు మన పాఠకులలో ఎందరో ఉంటారు. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు గదా. కట్టి చూసినవాళ్ళ చేతిలో ఏం మిగులుతుందో చెప్పనక్కరలేదు. బ్యాంకు వాయిదా ఒకవైపు, పిల్లల ఫీజులు ఒకవైపు. ఇంతలో పండుగ వచ్చి పడుతుంది. ఇన్నాళ్ళూ అద్దె ఇల్లు, ఎలాగో జరిగిపోయింది. ఇప్పుడు వీధిలో అందరి కళ్ళూ కొత్త ఇంటి మీదే. వెలిగించకపోతే బాగుండదు, వెలిగిస్తే వాయిదా దాటిపోతుంది. ఈ ఇరకాటంలో ఉన్నవాళ్ళ కోసమే ఈ వారం కబుర్లు.

మా ఇంటి సంగతి చెబుతాను. రాజమహేంద్రవరంలో, ఊరికి కొంచెం ఎడంగా, రెండున్నర సెంట్ల స్థలంలో ఒక అంతస్తు ఇల్లు. వీధి వైపు 27 అడుగులు. నిరుడు శ్రావణంలో గృహప్రవేశం చేశాం. మూడు నెలలు తిరక్కుండానే దీపావళి. దీపాలకూ బాణసంచాకూ కలిపి 2,000 రూపాయలు, అంతకు పైన ఒక్క రూపాయి కూడా వీల్లేదని మావారు ముందే గిరి గీశారు. ఆయన హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఆయన గీసిన గిరి దాటడం లక్ష్మణరేఖ దాటడం కన్న కష్టం.

ఇక కోరికల జాబితా చూడండి. మా అబ్బాయికి ఎనిమిది రకాలుగా ఎగిరి గంతులు వేసే రంగురంగుల లైట్లు కావాలి. ఎదురింటి వాళ్ళకు ఉన్నాయిట. అమ్మాయికి పిట్టగోడ మీదినుంచి తెరలాగా జారే దీపాలు కావాలి. మావారికి గుమ్మంలో రెండు ప్రమిదలుంటే చాలు, మిగతాదంతా దండగ. పెళ్ళిళ్ళకు లైట్లు కట్టే ఆసామి ఒకడు దారినపోతూ ఆగి, ఇల్లంతా మూడు రోజులు వెలిగించి పెడతానని 9,500 అడిగాడు. మావారు అతనికి మంచినీళ్ళిచ్చి పంపించేశారు.

అత్తగారు మాత్రం ఏమీ అడగలేదు. ఆవిడ ఎప్పుడూ ఏదీ అడగరు. నేనే గుచ్చి గుచ్చి అడిగితే, "గోడ మనదే గదా అమ్మాయ్, ఈ ఏడు గోడ మీద పెడదాం" అన్నారు.

ఆ మాట వెనక నలభై ఏళ్ళ కథ ఉంది. మా మామగారిది బదిలీల ఉద్యోగం. తణుకు, నిడదవోలు, తుని, మళ్ళీ తణుకు, ఇలా ఆవిడ పదకొండు అద్దె ఇళ్ళు మారారు. పదకొండు ఇళ్ళలోనూ దీపావళి నాడు ఇంటివారి మాట ఒక్కటే: గోడకు నూనె మరకలు పడతాయమ్మా, గుమ్మం దగ్గర రెండు పెట్టుకుని కానివ్వండి. ఒక ఇంటివారైతే ఆ రెండిటికిందా పళ్ళేలు పెట్టమన్నారుట. వాళ్ళ తప్పేమీ లేదు, సున్నం వేయించుకునే బాధ వాళ్ళది. కాని నలభై దీపావళులు రెండు ప్రమిదలతో సరిపెట్టుకున్న మనిషి, డెబ్బై ఆరో ఏట ఒక గోడ అడిగారు. పైగా ఆవిడకు ఒక కంట శుక్లం ఆపరేషను అయింది, రెండో కంట చూపు బొత్తిగా మసక. ఎన్ని పండుగలు ఆవిడ కంటికి ఆనుతాయో ఎవరు చెప్పగలరు? అందుచేత మా 2,000 రూపాయలు ఎలా ఖర్చుపెట్టాలన్నది ఆ పూటనుంచీ వేడుక సంగతి కాకుండా పోయింది.

సరే, పనిలోకి వద్దాం. బజారుకు వెళ్ళేముందు చెయ్యవలసినది ఒకటుంది. సాయంత్రం చీకటి పడ్డాక రోడ్డుకు అవతలివైపు నిలబడి మీ ఇంటిని ఓసారి తీరిగ్గా చూడండి. ఒక కాగితం మీద ఇంటి ముఖం గీయండి. పిట్టగోడ, వరండా చూరు, మెట్లు, ప్రహరీ, గేటు, తులసికోట. ఇప్పుడు ఆ బొమ్మలో కంటికి తగిలే పొడుగాటి గీతలేవో చూడండి. ఏ ఇంటికైనా అలాంటివి రెండే ఉంటాయి: పైన ఒకటి, కింద ఒకటి. మాకు పైన పిట్టగోడ, కింద ప్రహరీ. ఆ రెండు గీతలూ వెలిగితే ఇల్లు వెలిగినట్టే. తలుపుకొకటి, కిటికీకొకటి, మామిడిమొక్కకొకటి తగిలించుకుంటూ పోయారా, డబ్బుకు డబ్బు పోతుంది, ఇంటి ఆకారమూ పోతుంది. చీకట్లో ఇల్లు కనబడదు, మిణుగురులు కనబడతాయి.

తరవాత కొలత. పురికొస తీసుకుని గోడ పొడుగునా పరిచి, దాన్ని టేపుతో కొలవండి. ఊహగా చెబితే దుకాణం వాడు రెండింతలు అంటగడతాడు. పిట్టగోడ 27 అడుగులు, రెండు మూలల్లో మూడేసి అడుగులు పక్కకు మలిస్తే 33. పది మీటర్లంటే దాదాపు 33 అడుగులే. కాబట్టి పది మీటర్ల దండ ఒక్కటి చాలు. ప్రహరీలో గేటు 5 అడుగులు పోగా, ఇటు 11, అటు 11. అడుగుకొక ప్రమిద చొప్పున రెండు వైపులా ఎన్ని కావాలి? 22 అంది మా అమ్మాయి. 24 అన్నారు మావారు. పదకొండు ఎడాలకు పన్నెండు దీపాలు గదా. లెక్కల మాస్టారిని కట్టుకున్నందుకు ఆ పూట కొంత గర్వంగానే ఉంది.

ఇక పైవరస కరెంటు దీపాలు. వీటికి చరిత్ర ఉంది. 1882లో న్యూయార్కులో ఎడిసన్ గారి సహచరుడు ఎడ్వర్డ్ జాన్సన్ తన ఇంట్లో క్రిస్మస్ చెట్టుకు ఎరుపు, తెలుపు, నీలం రంగుల బల్బులు 80 కట్టి వెలిగించాడు. పండుగకు కరెంటు దీపాల దండ కట్టడం అక్కడ మొదలయింది. మన బజార్లో దీన్ని సీరియల్ సెట్టు అంటారు. ఒకదాని వెనక ఒకటిగా కరెంటు నడుస్తుంది కాబట్టి ఆ పేరు. ఆరు వోల్టుల చిట్టి బల్బులు నలభై దాకా గొలుసు కడితే, మన ఇంటి 230 వోల్టుల్ని తలాకాస్త పంచుకుంటాయి. ఒక్క బల్బు మాడిందంటే దండంతా ఆగిపోతుంది. మీరు వారం వారం ఎదురుచూసే సీరియల్ కథా అంతే గదా, నడుమ ఒక్క వారం రాకపోతే కథంతా చీకటే!

ఆ కారణం చేతనే ఒక హెచ్చరిక. దండ పొడుగైందని కత్తిరించి ముడివేయకండి. నలభై బల్బులు పంచుకోవలసిన వోల్టులు ముప్పై బల్బుల మీద పడితే అవి వేడెక్కి మాడతాయి. మిగిలిన ముక్క వృథా అనిపించినా మూలకు మలిచి దాచెయ్యండి.

ఇప్పుడు ఆ పాత బల్బుల స్థానంలో ఎల్.ఇ.డి. దీపాలు వచ్చాయి. కంటికి కనిపించే ఎర్రటి ఎల్.ఇ.డి.ని 1962లో హోలోన్యాక్ అనే అమెరికా శాస్త్రవేత్త చేశాడు. ఎరుపు వచ్చింది గాని, నీలం రావడానికి మరో మూడు దశాబ్దాలు పట్టింది. ఆ నీలం కోసం కష్టపడిన అకసాకి, అమానో, నకమూరా అనే ముగ్గురికి 2014లో భౌతికశాస్త్రపు నోబెల్ బహుమతి ఇచ్చారు. నీలం ఒక్కటీ వస్తే అంత గొప్పేమిటి? నీలి వెలుగు మీద పసుపుపచ్చటి పూత ఒకటి వేస్తే మన కంటికి తెల్లగా కనిపిస్తుంది. ఇవాళ మన ఇంట్లో, వీధిలో వెలిగే తెల్ల దీపాల్లో చాలా భాగం ఈ ఉపాయంతోనే వెలుగుతున్నాయి.

ఖర్చు సంగతి చూద్దాం. ఒక యూనిట్టు అంటే వెయ్యి వాట్ల వస్తువు గంటసేపు వాడినంత. మేము కొన్న దండ 6 వాట్లది. రోజుకు ఐదు గంటల చొప్పున ఐదు రోజులు వెలిగితే 25 గంటలు. మొత్తం 150 వాట్ గంటలు, అంటే యూనిట్టులో ఆరో వంతు కూడా కాలేదు. అదే పాతకాలపు జీరో బల్బులు అడుగుకొకటి చొప్పున 33 కడితే? పేరుకు జీరో గాని, అవి ఒక్కొక్కటి 15 వాట్ల దాకా తాగుతాయి. 25 గంటలకు పన్నెండు యూనిట్ల పైమాటే. పేరు చూసి మోసపోకూడదన్న నీతి బల్బులకూ వర్తిస్తుంది.

రంగు విషయంలో ఇంట్లో రెండు రోజులు రగడ జరిగింది. తెలుపులో రెండు జాతులున్నాయి. ఆసుపత్రి గదిలాగా నీలం కలిసిన తెలుపు ఒకటి, వెన్న కాచిన రంగు తెలుపు ఒకటి. దుకాణాల్లో ఈ రెండోదాన్ని వామ్ వైట్ అంటారు. కింద ప్రమిదలు వెలిగేటప్పుడు పైన ఈ వెచ్చని తెలుపే నప్పుతుంది. నూనెదీపం కాంతి ఇంకా పచ్చగా ఉంటుంది కాబట్టి రెండూ అక్కాచెల్లెళ్ళలాగా కనిపిస్తాయి. మా అబ్బాయి మొహం ముడుచుకుంటే, అతన్ని ఎదురింటి ముందు నిలబెట్టి అడిగాను. ఎర్రదీపం, పచ్చదీపం ఎగురుతున్నాయి సరే, ఆ ఇంటికి కిటికీలెన్ని చెప్పు అని. వాడు చాలాసేపు చూసి, "లైట్లు ఆడుతూంటే ఇల్లెక్కడ కనిపిస్తుందమ్మా?" అన్నాడు. ఆ తరవాత వామ్ వైట్ కొనడానికి సైకిలు మీద వెళ్ళింది వాడే.

భద్రత మాట ఎత్తితే పండుగపూట అపశకునం అనుకోకండి. మేము ఇదివరకు అద్దెకున్న వీధిలో ఒక ఇంటివారు సీరియల్ దండను ఇనప గేటుకు చుట్టారు. గేటు తీసి వేసినప్పుడల్లా తీగె తొక్క ఒరుసుకుపోయింది. తెల్లారి పాలబ్బాయి గేటు మీద చెయ్యి వేసేసరికి కొట్టి విసిరేసింది. వేళ్ళు కాలి బతికి బయటపడ్డాడు, అదే పదివేలు. అంచేత ఇనప గేటుకు, గ్రిల్లుకు, బట్టల దండేనికి కరెంటు తీగె సుతరామూ చుట్టకండి. మేకులు కొట్టకండి, అంటుకునే ప్లాస్టిక్ క్లిప్పులు దొరుకుతాయి, కాదంటే గుడ్డపేలికతో వదులుగా కట్టండి. చౌక దండలు కొన్ని ఇంటి 230 వోల్టులతో సూటిగా నడుస్తాయి. నడుమ అడాప్టరు పెట్టి తక్కువ వోల్టులతో నడిచేవి రెండింతల ధర ఉన్నా, పిల్లలూ పెద్దవాళ్ళూ ఉన్న ఇంటికి అవే మేలు.

ఇంకొకటి. ఇంటి మెయిను దగ్గర కరెంటు కారితే వెంటనే తెంపే బ్రేకరు ఉందో లేదో ఎలక్ట్రీషియన్ను అడగండి. దాని మీద చిన్న పరీక్ష మీట ఉంటుంది. నొక్కితే ఇంట్లో కరెంటు పోవాలి. పోకపోతే దీపాల మాట తరవాత, ముందు దాన్ని బాగుచేయించండి.

వాన సంగతి మరవకూడదు. ఉత్తరాదివారి దీపావళి పొడిపొడిగా వెళ్ళిపోతుంది. మన కోస్తాలో ఆ రోజులు తుపానుల కాలం. 2014లో హుద్‌హుద్ తుపాను అక్టోబరు 12న విశాఖ దగ్గర తీరం దాటింది. ఆ ఏడు దీపావళి 23న. అంటే పదకొండు రోజుల ఎడం మాత్రమే. కాబట్టి ఆరుబయట కట్టే దండ ఆరుబయటకు పనికొచ్చేదేనా అని పెట్టె మీద చూసుకోండి. అడాప్టరూ ప్లగ్గూ చూరు కిందే ఉండాలి. తీగె ప్లగ్గు దాకా సూటిగా దిగకుండా, కాస్త కిందికి వేలాడి మళ్ళీ పైకి రావాలి. అప్పుడు దాని వెంట జారిన వాననీరు ఆ వంపులో బొట్టుబొట్టుగా రాలిపోతుంది, ప్లగ్గులోకి పోదు. ఇది ఖర్చులేని ఉపాయం.

ఇక కిందివరస, అత్తగారి వరస. ప్రహరీ మీద 24, మూడు మెట్లకు రెండేసి చొప్పున 6, తులసికోట చుట్టూ 4, గడపకు 2. మొత్తం 36. పగిలేవి, కారేవి ఉంటాయి కాబట్టి నాలుగు డజన్లు కొన్నాం. కుమ్మరి సారె మీద చేసినవీ, అచ్చులో పోసి రంగులు పూసినవీ పక్కపక్కనే అమ్ముతున్నారు. అత్తగారు సారె మీద చేసిన మట్టివే ఏరారు. అడుగు చదునుగా ఉందా, మూతి నొక్కు వత్తి నిలిచేలా ఉందా అని వేలితో తడిమి మరీ తీసుకున్నారు. రంగు పూసినవి చూడ్డానికి బాగుంటాయి గాని, ఆ పూత నూనెకు వదులుతుందని ఆవిడ అభ్యంతరం.

కొత్త ప్రమిదలో నూనె పోస్తే సగం మట్టే తాగేస్తుంది. అందుకని ముందు రాత్రి బకెట్టు నీళ్ళలో నానేసి, పొద్దున్న తీసి బోర్లించి, నీడన ఆరబెట్టాలి. నీటితో కడుపు నిండిన మట్టి నూనె జోలికి అంతగా పోదు. వత్తులు అత్తగారు దూదితో మధ్యాహ్నం పూట కూర్చుని చేశారు. చూపు లేకపోయినా వేళ్ళకు తెలుసు. ఒక ప్రమిదకు మూడు చెంచాల నూనె, అంటే 15 మిల్లీలీటర్లు పోసి ముందే వెలిగించి చూశాం. రెండున్నర గంటలు నిలిచింది. 36 ప్రమిదలకు 540 మిల్లీలీటర్లు. లీటరు నువ్వులనూనెలో మిగిలింది 460. దీపావళి మర్నాటినుంచి కార్తికం గదా. రోజుకు రెండు దీపాలకు 30 చొప్పున పున్నమి దాకా పదిహేను రోజులకు 450. మావారు ఈ లెక్క తేలగానే నూనె సీసాకు దణ్ణం పెట్టినంత పని చేశారు.

గాలివాటం కూడా చూడాలి. సాయంత్రం గాలి ఎటునుంచి వీస్తుందో ముందురోజే కాగితం ముక్క వేలాడదీసి చూడండి. గాలికి ఎదురుగా ఉన్న గోడమీద ప్రమిద వెనక ఒక ఇటుక నిలబెడితే చాలు. పట్టుచీరలూ జారే పైటలూ ఆ రెండు గంటలూ పెట్టెలో ఉండనివ్వండి, నూలువే కట్టుకోండి. రెండు బకెట్ల నీళ్ళు గేటు దగ్గర, ఒక తట్టలో ఇసుక పక్కనే. బాణసంచా కాల్చే చోటూ ప్రమిదల చోటూ ఒకటి కాకూడదు. దీపం గాలికి పోతే మా అత్తగారు ఆరిపోయిందనరు, కొండెక్కిందంటారు. తెలుగుభాషకు ఉన్న మర్యాద అది. ఆ మర్యాద దీపానికే గాని, అగ్నిప్రమాదానికి అలాంటి మంచి మాట లేదు.

మొత్తం పద్దు ఇదిగో. అడాప్టరుతో పది మీటర్ల దండ 480. స్విచ్చీ ఫ్యూజూ ఉన్న పొడుగు తీగె పెట్టె 420. ఇది ఏడాది పొడుగునా పనికొస్తుంది. క్లిప్పులూ పురికొసా 90. ప్రమిదలు నాలుగు డజన్లు, డజను 50 చొప్పున 200. నువ్వులనూనె 420. దూది 40. వెరసి 1,650. మిగిలిన 350 పిల్లల కాకరపువ్వొత్తులకూ మతాబులకూ. గిరి దాటలేదు. మీ ఊళ్ళో ధరలు కాస్త అటూ ఇటూ ఉండవచ్చు గాని, పద్ధతి ఇంతే.

ఖర్చు లేనిది ఒకటి మిగిలింది. అదే అన్నిటికంటె ముఖ్యం: చీకటి. దీపాలు వెలిగించి, వరండాలో ట్యూబులైటూ, గేటు మీద పెద్ద బల్బూ అలాగే ఉంచేస్తారు చాలామంది. ఆ వెలుగులో ప్రమిద ఎందుకూ పనికిరాదు. అమావాస్య నాడు పండుగ పెట్టింది చీకటి కోసమే గదా! ఆ రెండు గంటలూ వీధివైపు పెద్ద దీపాలన్నీ తీసెయ్యండి. ఇరవై దీపాలు చేసే పని, చీకటి ఉంటే పదే చేస్తాయి.

మా ఇంట అలాగే తీసేశాం. పైన దండ, కింద ప్రమిదలు, నడుమ ఇల్లు నల్లగా. అత్తగారు 24 ప్రమిదలూ తన చేత్తోనే వెలిగిస్తానన్నారు. అమ్మాయి పక్కన నడిచి చెయ్యి పట్టుకుంది. వెలిగించాక ఎదురింటివారి అరుగు మీద కుర్చీ వేసి కూచోబెట్టాం. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. నాకు బెంగ పట్టుకుంది, ఏమీ కనిపించడం లేదేమోనని.

"ఆనుతున్నాయా అత్తయ్యగారూ?" అన్నాను.

"దీపాలు విడివిడిగా ఆనటం లేదమ్మాయ్. గీత ఆనుతోంది" అన్నారావిడ. "మన ఇల్లు ఇక్కణ్ణించి ఇక్కడిదాకా అని ఎవరో గీసి చూపించినట్టుంది."

ఇన్నేళ్ళ నా పాఠాల్లో ఆవళి అన్న మాటకు అంత మంచి అర్థం నేను చెప్పలేదు. తెరలాంటి దీపాలు వెయ్యి వేలాడదీసినా, రంగులు ఎనిమిది రకాలుగా ఆడించినా, ఆ మసక కంటికి అవన్నీ కలిసి ఒక అలుక్కుపోయిన మరక అయ్యేవి. వరస కాబట్టి గీత అయింది. మావారు ఏమీ అనలేదు గాని, ఎదురింటివారు తమ లైట్ల గంతులు కాసేపు ఆపించి, వాళ్ళ అరుగు మీద మా వాళ్ళతో కూచుని చూశారు.

పండుగ వెళ్ళాక పని ఇంకా ఉంది. దండను లాగి పీకకుండా, ఒక అట్టముక్కకు చుట్టి, చివర ప్లగ్గు పైకి కనిపించేలా పెట్టి, పెట్టె మీద పొడుగూ కొన్న తేదీ రాసి ఉంచండి. మళ్ళీ ఏడు విప్పగానే కట్టెయ్యకుండా, తొక్క ఎక్కడైనా చిట్లిందేమో వెలుతురులో చూసి మరీ కట్టండి. ప్రమిదల్ని సీకాయపొడితో తోమి, వేణ్ణీళ్ళలో కడిగి, ఎండలో పెడితే కార్తికానికి తయారు. ప్రహరీ మీద నూనె మరకలు పడ్డాయి. మా గోడ మీది ఆ మరకల్ని అత్తగారు తుడవనివ్వలేదు.

చివరగా, ఇంకా అద్దె ఇళ్ళలో ఉన్న అక్కచెల్లెళ్ళకు ఒక మాట. ఇంటివారు వద్దన్నారని గుమ్మం దగ్గర రెండిటితో ఆగిపోకండి. మూడడుగుల చెక్క ఒకటి సంపాదించండి. దాని మీద పొడుగాటి రేకు పళ్ళెం పెట్టి, వేలెడు మందాన ఇసుక పోసి, ఆ ఇసుకలో ప్రమిదలు గుచ్చండి. నూనె కారినా ఇసుకే తాగుతుంది. గోడకు మరక పడదు, ఇంటివారికి మాట పడదు. ఇల్లు మారినప్పుడు చెక్కా పళ్ళెమూ సామానుతో పాటు బండెక్కుతాయి. రెండు దీపాలైతే జంట అవుతాయి. మూడోది పెట్టి చూడండి, వరస అవుతుంది.